పగలు ఖాళీ అయ్యే ఊళ్లో ఒక సన్మానం

ఈ ఊరి పేరు నేను చెప్పను. చెబితే అక్కడి కమిటీలో ఒక పెద్దమనిషికి నేనాడిన అబద్ధం బయటపడుతుంది. లండన్‌కు వాయవ్యంగా, నగర శివార్లలోని హారోలో రైలెక్కితే అరగంట దూరం. కోట ఉంది, కాలువ ఉంది, గడియార స్తంభం ఉంది, పక్కకి ఒరిగిన పాత ఇళ్లున్నాయి. ఇంగ్లండులో ఇలాంటి ఊళ్లు బోలెడు కాబట్టి వెతికినా మీకు దొరకదు.

నేను వెళ్లింది, వాళ్లు యూరప్‌లో ఉందామా పోదామా అని ఓటేసి, పోదామని తేల్చుకుని, ఆ పైన ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్న ఏడాది జూలైలో. నా మేనకోడలు శిరీష హారోలో డాక్టరు. ఆ ఊరి సర్జరీలో, అంటే మన వీధి చివర డాక్టరుగారి ఆస్పత్రి లాంటిదానిలో, ఎవరో సెలవు పెడితే అయిదు రోజులు ఈమె వెళ్లాల్సి వచ్చింది. ఇంట్లో ఉంటే టీవీకి ఎదురు సమాధానాలు చెబుతూ కూర్చుంటానని నన్ను కూడా వెంటబెట్టుకుపోయింది.

నా గురించి ఒక ముక్క. కావలి బస్టాండులో మైకు ముందు ముప్పై ఏళ్లు కూర్చున్నాను. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఊరికి చెప్పింది నేనే. నేను రిటైరయ్యాక రికార్డింగు పెట్టారు. ఆ గొంతు చాలా తీయగా ఉంటుంది. రాని బస్సును కూడా అంతే తీయగా వస్తోందని చెబుతుంది.

సోమవారం, ఎదురు ప్లాట్‌ఫారం

ఎనిమిది గంటలకు దిగేసరికి మా ప్లాట్‌ఫారం మీద మేమిద్దరం, ఒక పావురం. ఎదురుగా లండన్ వైపు ప్లాట్‌ఫారం మీద ఊరంతా ఉంది. అంతమంది ఉన్నా చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది. మా బస్టాండులో ముగ్గురుంటే చాలు, ఇద్దరు తగవు పడతారు, మూడోవాడు సర్దిచెబుతాడు. ఇక్కడ గుంజలు పాతినట్టు నాలుగైదు చోట్ల గుంపులుగా నిలబడ్డారు. మధ్యలో జాగా అంతా ఖాళీ. ఇదేం పద్ధతిరా అనుకుంటుండగా రైలొచ్చి ఆగింది. ఒక్కో గుంపు ముందు సరిగ్గా ఒక్కో తలుపు తెరుచుకుంది.

"వాళ్లకి డోర్ యాడ ఆగుద్దో తెలుసు మామయ్యా. ఏళ్ల తరబడి అదే స్పాట్. నువ్వు పొరపాట్న కూడా పోయి ఆడ నిలబడబాకు, గొడవైపోద్ది," అంది శిరీష.

"గొడవంటే? కొడతారా?"

"కొట్టరు. చూస్తారు."

"అన్నేళ్లు పక్కపక్కన నిలబడితే ఒకరి పేరు ఒకరికి తెలిసుంటుంది కదా?"

"తెలీదు. పేరడిగితే రేపట్నుంచి రోజూ పలకరించాల. ఆ కమిట్‌మెంట్ ఎవరికి గావాల?"

రైలు వాళ్లను తీసుకుని పోయింది. ఊళ్లోకి నడిచాం. ఈ ఊరికి రోమన్లు వచ్చారట, సాక్సన్లు వచ్చారట, నార్మన్లు వచ్చి కోట కట్టారట. ఆఖరికి రైలు వచ్చింది. రైలొచ్చిన దగ్గర్నుంచి ఈ ఊరికి కొత్తగా వచ్చేవాళ్లు లేరు, పొద్దున్నే పోయేవాళ్లే. పగలు మిగిలేది ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు, కుక్కలు. ఆ కుక్కలు కూడా అరవవు.

కోట స్టేషన్ పక్కనే ఉంది. ఒక మట్టిదిబ్బ, మూడు మొండిగోడలు. మిగతా రాళ్లు ఊళ్లోవాళ్లే మోసుకుపోయి ఇళ్లు కట్టుకున్నారని బోర్డు మీద రాసి ఉంది. దొంగతనం పాతబడితే చరిత్ర అవుతుందన్నమాట. మా ఉదయగిరి కోట కొండంత పొడుగు, దాన్ని పట్టించుకునేది మేకలే. ఇక్కడ మూడు గోడలకు ఒక కమిటీ, దానికొక ఉపకమిటీ, గడ్డి ఎప్పుడు కోయాలన్న దాని మీద వాళ్లిద్దరికీ తగాదా.

మంగళవారం, పెద్దవీధి

పెద్దవీధి పొడవునా ఇళ్లమ్మే ఏజెంట్ల దుకాణాలు. అద్దాల్లో ఇళ్ల ఫొటోలు, కింద ధరలు. మన దగ్గర సినిమా పోస్టర్ల ముందు నిలబడ్డట్టు జనం వాటి ముందు నిలబడి చూస్తున్నారు. ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "అది నా ఇల్లే," అన్నాడు నాతో. అమ్ముతున్నారా అంటే, లేదు, పక్కింటి ఫొటోలో తనది కూడా పడిందట. రోజూ వచ్చి చూసుకుని పోతాడట.

ఇల్లు ఎంత వంకరగా ఉంటే అంత ధర. ఒక ఇంటి పైఅంతస్తు వీధి మీదికి వాలి, చెవిలో ఏదో చెప్పబోతున్నట్టుంది. కిటికీకి రంగు మార్చాలన్నా కౌన్సిల్‌ను అడగాలట. మా వీధిలో అయితే ఈ పాటికి దాన్ని పడగొట్టి, నాలుగంతస్తులు లేపి, కింద చెప్పుల కొట్టుకి అద్దెకిచ్చి ఉండేవాళ్లం.

మధ్యాహ్నం గుర్రబ్బండ్ల కాలం నాటి సత్రంలోకి పోయాను. ఒకప్పుడు ఒక రాజు ఆ సత్రంలో ఒక రాత్రి పడుకున్నాడట, దానికో పలక పెట్టారు. ఆయనకి నిద్ర పట్టిందో లేదో మాత్రం రాయలేదు. నేను లోపలికి అడుగు పెడుతూనే దూలం తలకి ఠంగుమని తగిలింది. వడ్డించే అమ్మాయి పరిగెత్తుకొచ్చి సారీ చెప్పింది. బల్ల దగ్గర కూర్చున్న ముసలాయన సారీ చెప్పాడు. కుక్కను పట్టుకున్నావిడ కూడా సారీ చెప్పింది. బొప్పి నాది, సారీలు వాళ్లవి. దూలం జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

తొక్కతో ఉడికించిన బంగాళాదుంప తెచ్చి పెట్టారు, మీద చిక్కుడుగింజలు. ఉప్పు కూడా అడిగి వేసుకోవాలి. జేబులో ఉన్న కారప్పొడి పొట్లం విప్పి చల్లుకున్నాను. ఆ అమ్మాయి వాసన చూసి కొంచెం అడిగింది. వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకుంది. కళ్లనీళ్లు కారుస్తూ, "చాలా బాగుంది, థాంక్యూ," అంది. మర్యాదంటే అది.

బుధవారం, ఒక్కడి కోసం

గడియార స్తంభం దగ్గర ఒక అట్ట వేలాడుతోంది. పదకొండు గంటలకు ఊరి చరిత్ర చెబుతూ నడిపిస్తారట, టికెట్ లేదు. ఉత్తపుణ్యానికి వచ్చేదాన్ని వదిలేదెందుకని నిలబడ్డాను.

వచ్చిందొక పెద్దావిడ. పొడుగ్గా, సన్నగా, కాళ్లకు బురదబూట్లు. పేరు జోన్. చుట్టూ చూసింది. నేను తప్ప ఎవరూ లేరు. గొంతు సవరించుకుని, వీధి చివరిదాకా వినబడేలా, "లేడీస్ అండ్ జెంటిల్‌మెన్!" అంది.

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఖాళీ బస్టాండులో తెల్లవారుజామున మొదటి బస్సుకి నేనూ అలాగే చెప్పేవాణ్ణి. వినేవాడు ఒక్కడైతే గొంతు తగ్గించేవాడు అనౌన్సరే కాదు.

రెండు గంటలు తిప్పింది. నా ఇంగ్లీషు బస్టాండు ఇంగ్లీషే అయినా ఆవిడ మాట నాకు ఒక్కటీ పోలేదు. ఏ మూల రాయి బండి చక్రాలకు అరిగిందో చూపించింది. ధాన్యం అమ్మిన భవనంలో ఇప్పుడు కాఫీ అమ్ముతున్నారని చెప్పి మూతి విరిచింది. తానూ ఒకప్పుడు ఎదురు ప్లాట్‌ఫారం మనిషేనట. లండన్ ఆఫీసులో టైపు కొట్టి చీకటిపడ్డాక దిగేదట.

"ఇరవై ఏళ్లు ఈ ఊళ్లో ఉండి ఈ ఊరు చూడలేదు, మిస్టర్ రత్నం. ఉద్యోగం మానేశాకే చూశాను. అప్పట్నుంచి చూపిస్తూనే ఉన్నాను."

బజారు మూల ఒక రాతి మెట్టు దగ్గర ఆగింది. పూర్వం ఆ మెట్టెక్కి ఊరి కబుర్లు కేకేసి చెప్పే మనిషి ఉండేవాడట. మన దండోరా. నేను చేసిన పనీ అదేనని చెప్పాను. "అయితే ఎక్కండి," అంది.

ఎక్కాను. ఎక్కాక ఆగలేదు. "ప్రయాణికులకు విజ్ఞప్తి! విజయవాడ నుంచి ఒంగోలు, కావలి మీదుగా నెల్లూరు పోవు ఎక్స్‌ప్రెస్ మరి కొద్దిసేపట్లో రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చును!" అని ఎత్తుకున్నాను. పై అంతస్తుల్లో నాలుగు కిటికీలు తెరుచుకున్నాయి. ఒకావిడ నిద్రకళ్లతో తొంగిచూసి సారీ చెప్పింది. జోన్ చప్పట్లు కొట్టింది. రిటైరయ్యాక నేను అంత సంతోషపడ్డది అదే మొదలు.

తర్వాత చర్చి గోడ మీద కూర్చుని అసలు సంగతి చెప్పింది. ఈ నడకలు నడిపే కమిటీకి గ్రాహం అని ఒక అధ్యక్షుడున్నాడు. వీధి వీధికీ ఒక పలక పెట్టి, ఫోన్ చూపిస్తే ఫోనే చరిత్ర చెప్పే ఏర్పాటు చేయిస్తున్నాడు. నడకలకు జనం రావడం లేదు. శనివారం స్వయంగా వచ్చి లెక్కపెడతాడట. ఆరుగురికి తక్కువైతే జోన్ ఇంట్లో కూర్చోవాలి.

"ఫోన్ తప్పు చెప్పదంటాడు గ్రాహం. నిజమే, నేను అప్పుడప్పుడు చెబుతాను. కానీ దాన్ని ఎదురు ప్రశ్న అడగమనండి చూద్దాం," అంది. అని, కాసేపు బూటుకంటిన బురద గీకుతూ కూర్చుంది. "ఇది లేకపోతే ఏది బుధవారమో కూడా నాకు తెలియదు," అంది.

ఆరుగురే కదా, నేను చూసుకుంటానన్నాను. పెళ్లికి పదిమందిని పోగుచేయలేని తెలుగువాడు ఎక్కడైనా ఉంటాడా?

గురువారం, శుక్రవారం, శాలువా వేట

శిరీష వాట్సాప్ గ్రూపులో పెట్టింది. హారో చుట్టుపక్కల తెలుగు డాక్టర్లు తొమ్మిదిమంది వస్తామన్నారు. పొద్దస్తమానం ఆస్పత్రి గోడలు చూసేవాళ్లకి కోట గోడలైనా చాలు. అంతటితో ఊరుకుని ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. కానీ నాలోని బస్టాండు మనిషి ఊరుకోలేదు. అంత సేవ చేసిన మనిషికి వట్టి చేతులతో ఎదురుపడతామా, సన్మానం చేయాలన్నాను.

శాలువా ఎక్కడ దొరుకుతుందని అడిగితే, ఆ తొమ్మిదిమందిలో ఒకరైన రాజ్యలక్ష్మి గారు బీరువా తలుపు తీసి చూపించింది. ఆవిడ, ఆవిడ భర్త ఇద్దరూ డాక్టర్లే. ఆయన తెలుగు సంఘంలో ఏదో ఒక పదవి లేకుండా ఒక్క ఏడాదీ లేడు. బీరువాలో అర నిండా మడతపెట్టిన శాలువాలు.

"ఏది కావాలంటే అది తీసుకోండి అన్నయ్యగారూ. ఆ మెరూన్‌ది మాత్రం వద్దు, అది లీసెస్టర్ తెలుగు సంఘం వాళ్లు కప్పారు, వాళ్లకి తిరిగి కప్పాలి. జరీది తీసుకోండి, అది ఎవరు కప్పారో ఎవరికీ గుర్తులేదు," అంది.

శనివారం, తొమ్మిది మంది

పదకొండుకి రమ్మంటే మనవాళ్లు పదకొండూ నలభైకి దిగారు, చేతుల్లో హాట్‌బాక్సులతో. గ్రాహం అప్పటికే మూడుసార్లు గడియారం చూసుకున్నాడు. గులాబీరంగు మొహం, నీలం కోటు, చేతిలో నోటుపుస్తకం. కానీ తొమ్మిదిమందిని చూడగానే, "వెల్, వెల్," అని లెక్క రాసుకున్నాడు. జోన్ ఒక్కసారి నావైపు చూసి మొదలెట్టింది. ఆ రోజు ఆవిడ చెప్పినట్టు ఎవరూ చెప్పలేరు. రాజ్యలక్ష్మి గారు ప్రతి రాతినీ ముట్టుకుని కళ్లకద్దుకుంది, అలవాటు ఎక్కడికి పోతుంది. ఎదురు ప్రశ్నలు మాత్రం వర్షంలా కురిశాయి. రాజుకి షుగర్ ఉండేదా అని కూడా అడిగారు.

చివరికి కోట దిబ్బ కింద పులిహోర పంచాం. మడతకుర్చీ వేసి జోన్‌ను కూర్చోబెట్టాం. నేను సన్మానపత్రం చదివాను. "ఊరు చూడని ఊరికి ఊరు చూపించిన" అని మొదలై ఒకటిన్నర పేజీ. శిరీష వాక్యానికి వాక్యం ఇంగ్లీషులో చెప్పింది. శాలువా కప్పాం. తొమ్మిదిమందీ చప్పట్లు కొట్టారు. జోన్ మొహం వెలిగిపోయింది.

గ్రాహం ముందుకొచ్చాడు. ఆయన కళ్లు నిజంగానే చెమ్మగిల్లాయి.

"జోన్, ఇంతకంటే అందమైన వీడ్కోలు ఎవరికుంటుంది? నిజం చెప్పాలంటే నీకెలా చెప్పాలా అని నెలల తరబడి మథనపడ్డాం. ఈ మిత్రులు ఎంత చక్కగా చేశారు! పలకలు వచ్చే నెల వస్తాయి. ఇంత ఉచ్చస్థితిలో ముగించడం నీకే చెల్లింది."

జోన్ నవ్వు అలాగే ఉంది, కానీ మొహంలోంచి మనిషి వెళ్లిపోయింది. "ఎంత దయ," అంది. చేతులు శాలువా లోపల ఉన్నాయి.

మేలు చేయబోయి నేనే గొయ్యి తవ్వాను. నా రిటైర్మెంటు రోజు గుర్తొచ్చింది. జీతం లేకపోయినా పొద్దున పూట రెండు గంటలు మైకు దగ్గర కూర్చుంటానని అడుగుదామని ఆ రోజు నేను సిద్ధపడి వెళ్లాను. నోరు తెరిచేలోగా శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు, ఫొటో తీశారు. శాలువా కప్పించుకున్న మనిషి ఇంకేమడుగుతాడు? అదే పని నా చేతులతో ఈవిడకి చేశాను.

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు. నాకు ఒక్కటే తట్టింది.

"అటెన్షన్ ప్లీజ్!" అన్నాను, మైకు లేకుండానే. దిబ్బ మీది కాకులు లేచాయి. "సార్, మీరు పొరబడ్డారు. మా దేశంలో శాలువా పంపించేయడానికి కప్పరు. నియమించడానికి కప్పుతారు. వచ్చే నెల మా కృష్ణానదికి పుష్కరాలు. పన్నెండేళ్లకొకసారి వస్తాయి. ఈ వేళలో శాలువా కప్పించుకున్నవాళ్లు మళ్లీ పుష్కరాల దాకా ఆ పని మానకూడదు. మానిపిస్తే మానిపించినవాళ్లకు మంచిది కాదు."

గ్రాహం నోటుపుస్తకం మూశాడు, తెరిచాడు. శిరీష వైపు తిరిగాడు. "డాక్టర్, ఇది నిజమా?"

శిరీష చిన్నప్పట్నుంచి అబద్ధం ఆడదు. బళ్లో ఎవరూ అడగకపోయినా తన తప్పు ఒప్పుకునే రకం. నావైపు చూసిన చూపులో, "ఇంటికి పద, నీ పని చెప్తా," అని స్పష్టంగా ఉంది. తర్వాత కుర్చీలో కూర్చున్న జోన్‌ను చూసింది. మిగిలిన డాక్టర్లు పులిహోర ప్లేట్లలోకి చూస్తున్నారు.

"నిజమేనండీ," అంది శిరీష. "చాలా పాత ఆచారం."

"వెరీ స్ట్రిక్ట్," అంది రాజ్యలక్ష్మి గారు, రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుని.

ఇక ఆ పెద్దమనిషి అవస్థ చూడాలి. రెండొందల ఏళ్లు మన దేశాన్ని ఏం చేశారో వదిలేయండి. ఇప్పుడు మాత్రం ఎవరి ఆచారం నొప్పించినా ఆ రాత్రి వీళ్లకు నిద్రపట్టదు. గులాబీ మొహం ఎర్రబడింది. "లేదు, లేదు, మీ సంప్రదాయాన్ని అగౌరవపరిచే ఉద్దేశం ఎంతమాత్రం..." అని, ఆగి, చాలా మర్యాదగా అడిగాడు. "ఒకవేళ... ఆ శాలువాను పలకకి కప్పే వీలేమైనా ఉంటుందా?"

"పలక నడవదు కదండీ," అంది రాజ్యలక్ష్మి గారు.

అది నిజమేనని గ్రాహం ఒప్పుకున్నాడు. నోటుపుస్తకంలో చాలాసేపు రాసుకున్నాడు. సాంస్కృతిక కారణాల వల్ల జోన్ నడకలు పుష్కరకాలం కొనసాగుతాయని కమిటీకి నివేదిస్తానన్నాడు. పుష్కరం స్పెల్లింగు శిరీషనే అడిగి రాసుకున్నాడు. పోతూ పోతూ ఇంకో ప్లేటు పులిహోర కూడా తిన్నాడు.

స్టేషన్ దారి

మావాళ్లు ముందు నడుస్తున్నారు. శిరీష నాతో మాట్లాడటం లేదు. జోన్ శాలువా తీయకుండానే నా పక్కన నడిచింది. స్టేషన్ మెట్ల దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగింది. ఆవిడ గొంతు తగ్గించగా నేను విన్నది అదొక్కసారే.

"మిస్టర్ రత్నం, అది నిజంగా మీ ఆచారమేనా?"

ఆవిడ మొహంలోకి చూస్తూ ఇంకో అబద్ధం ఆడలేకపోయాను. "కాదండీ. మా దగ్గర కూడా పంపించేయడానికే కప్పుతారు. నాకూ అలాగే కప్పారు," అన్నాను.

ఆవిడ చేయి బయటికి తీసి వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది.

"నాకిప్పుడు ఎనభై ఒకటి. పన్నెండు కలిపితే తొంభై మూడు," అంది.

"అవునండీ."

జోన్ శాలువా సర్దుకుంది. బేరం తెలియని మనిషిని చూసినట్టు నన్ను చూసింది.

"ఇరవై అని ఉండాల్సింది," అంది.